నలభై ఎస్సేలు బట్టీ పట్టాలా మేడమ్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ గురించే. బయటి దేశాల్లో చదవాలనుకునేవాళ్లు యూనివర్సిటీ గడప తొక్కాలంటే చాలాచోట్ల ముందు దాటాల్సిన ఇంగ్లీషు పరీక్ష ఇది. లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ అని నాలుగు భాగాలు, 0 నుంచి 9 దాకా బ్యాండ్లు. పాస్, ఫెయిల్ అంటూ ఉండవు. ఎంత కావాలో మీరు చేరబోయే యూనివర్సిటీయే చెబుతుంది. ఈ సంగతులు రాసినవాళ్లందరికీ తెలుసు కాబట్టి నేరుగా ప్రశ్నల్లోకి వెళ్తాను. చిన్నవాళ్లని ‘నువ్వు’ అనడం క్లాసురూములో పట్టుకున్న అలవాటు, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, నాకు 6.5 బ్యాండ్ కావాలి. పరీక్షకి రెండు నెలల టైముంది. కోచింగ్‌లో నలభై మోడల్ ఎస్సేలు ఇచ్చి అన్నీ బట్టీ పట్టమన్నారు. పన్నెండు వచ్చేశాయి, మిగతావి ఎక్కడం లేదు. నేను రాసిన ఎస్సే ఒకటి పంపుతున్నాను, చూడగలరా?
– డిగ్రీ చివరి ఏడాది విద్యార్థిని

జవాబు: మిగతావి ఎక్కకపోవడమే నీ అదృష్టం తల్లీ. వచ్చిన ఆ పన్నెండూ కూడా పక్కన పెట్టేయ్.

ఎగ్జామినర్లు పొద్దస్తమానం చదివేది ఇవే ఎస్సేలు. బట్టీ వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. జవాబు మొత్తం బట్టీ పట్టిందేనని రుజువైతే సున్నా బ్యాండ్ వేయమని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. అంతదాకా రాకపోయినా నష్టం ఎలా జరుగుతుందో నీ ఎస్సేలోనే చూపిస్తాను.

నీకిచ్చిన ప్రశ్న: స్కూలు పిల్లలకి హోమ్‌వర్క్ పూర్తిగా తీసేయాలి, ఎంతవరకు ఒప్పుకుంటావు? నీ మొదటి పేరా ‘ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్, ఎడ్యుకేషన్ ప్లేస్ ఎ పివటల్ రోల్’ అని మొదలై నాలుగు వాక్యాలు నడిచింది. గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. హోమ్‌వర్క్ అన్న మాట కూడా లేదు! ఆ పేరాని ఆన్‌లైన్ క్లాసుల మీద ప్రశ్న వచ్చినా అతికించొచ్చు, యూనివర్సిటీ ఫీజుల మీద వచ్చినా అతికించొచ్చు. ఎగ్జామినరుకి కనబడేది అదే.

ఇక రెండో పేరా. మీ తమ్ముడు పొద్దున్నే ఫ్రెండ్ నోట్సు చూసి హోమ్‌వర్క్ ఎక్కించేస్తాడనీ, అందుకని వాడికి ఏం అర్థం కాలేదో టీచరుకి తెలియదనీ రాశావు. ‘ఎట్ ద మార్నింగ్’ అన్నావు, ‘ఇన్ ద మార్నింగ్’ అనాలి. ‘టీచర్ ఈజ్ నాట్ నోయింగ్’ అన్నావు, ‘డజ్ నాట్ నో’ అనాలి. ఒకే వాక్యంలో రెండు తప్పులు. అయినా ఎస్సే మొత్తంలో నాకు నచ్చిన వాక్యం అదే, ఎందుకంటే అడిగినదానికి నువ్వు జవాబు చెప్పింది అక్కడే. హోమ్‌వర్క్ వల్ల ఎందుకు లాభం లేదో ఒక కారణం చెప్పావు, దానికి ఉదాహరణ ఇచ్చావు. అక్కడితో ఆపకుండా ఇంకాస్త ముందుకి వెళ్లు. టీచరుకి తెలియకపోతే పిల్లవాడికి ఏమవుతుంది? అదే పని క్లాసులో కూర్చోబెట్టి చేయిస్తే తేడా ఏంటి? ఈ రెండిటికీ జవాబు రాస్తే పేరా నిండిపోతుంది, అదీ నీ సొంత ఇంగ్లీషులో.

రైటింగ్‌లో మార్కులు నాలుగు విషయాలకి సమానంగా పంచుతారు: అడిగినదానికి జవాబు చెప్పామా, ఒక మాట నుంచి ఇంకో మాటకి సాఫీగా వెళ్లామా, పదాలు సరిగ్గా వాడామా, గ్రామర్ ఎలా ఉంది. నీ బట్టీ పేరా మొదటి మెట్టు మీదే బోల్తా పడింది. పైగా ‘పివటల్ రోల్’ అని రాసిన అమ్మాయి తర్వాతి పేరాలో ‘ఈజ్ నాట్ నోయింగ్’ అని రాస్తే, ఏది తన సొంతమో ఎవరికైనా తెలిసిపోదూ?

రెండు నెలలంటే తక్కువేం కాదు. రెండు రోజులకో ఎస్సే చొప్పున 40 నిమిషాలు టైమర్ పెట్టుకుని రాయి. మర్నాడు కొత్త ఎస్సే జోలికి పోకు. నిన్నటిదే తప్పులు దిద్దుకుని మళ్లీ మొదటి నుంచి రాయి. అందరూ ఎగ్గొట్టేది ఈ రెండోసారి రాయడాన్నే, మార్పు కనబడేదీ అక్కడే. నీ తప్పులకి ఒక నోట్‌బుక్ కేటాయించు. పేజీకి ఎడమవైపు నువ్వు రాసింది, కుడివైపు సరైనది. కొన్నాళ్లకి నీకే తెలుస్తుంది, తిప్పితిప్పి చేసేది అవే నాలుగైదు తప్పులని. పరీక్ష ముందురోజు చదువుకోవాల్సింది ఆ నోట్‌బుక్కే.

ఇంకొకటి. రైటింగ్ మొత్తం కలిపి గంట. టాస్క్ 1లో గ్రాఫో టేబులో ఇస్తారు, కనీసం 150 పదాలు రాయాలి. టాస్క్ 2 ఎస్సే, కనీసం 250 పదాలు, మార్కుల్లో దాని విలువ రెట్టింపు. చాలామంది గ్రాఫులో ఉన్న ప్రతి అంకెనీ ఎక్కించుకుంటూ సగం టైము అక్కడే తగలేస్తారు. అన్ని అంకెలూ అక్కర్లేదు. మొత్తం మీద ఏం కనబడుతోంది, బాగా పెరిగింది ఏది, తగ్గింది ఏది, వాటికి సరిపడా అంకెలు, అంతే. 20 నిమిషాలు కాగానే ఎక్కడున్నా ఆపి టాస్క్ 2లోకి వచ్చేయ్.

ప్రశ్న: రీడింగ్‌లో మూడో పాసేజ్ ఎప్పుడూ పూర్తికాదు. పైగా ‘ఫాల్స్’కీ ‘నాట్ గివెన్’కీ తేడా నా బుర్రకెక్కడం లేదు. నాట్ గివెన్ వచ్చిన ప్రతిసారీ తప్పే.
– ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: రెండిటికీ జబ్బు ఒకటే బాబూ. పాసేజ్‌లో లేనిదాన్ని కూడా నువ్వు వెతుకుతున్నావు.

ఒక పాసేజ్‌లో ఇలా ఉందనుకో: చలికాలంలో తేనెటీగలు గుంపుగా దగ్గరికి చేరి, రెక్కల కండరాలు వణికించి వేడి పుట్టించుకుంటాయి. ఇప్పుడు ప్రశ్నల్లో ఇచ్చే మూడు వాక్యాలు చూడు. పాసేజ్‌ని బట్టి ఒక్కోటి ట్రూనో, ఫాల్సో, లేక అసలు పాసేజ్‌లో చెప్పనేలేదనో (నాట్ గివెన్) తేల్చాలి. ‘తేనెటీగలు తమంతట తాము వేడి పుట్టించుకోగలవు’ అంటే ట్రూ. ‘చలికాలంలో తేనెటీగలు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి’ అంటే ఫాల్స్, పాసేజ్ దానికి నేరుగా అడ్డం వస్తోంది కాబట్టి. ‘చలికాలంలో తేనెటీగలు ఎక్కువ తింటాయి’ అన్నారనుకో. వేడి పుట్టించాలంటే శక్తి కావాలి, శక్తి కావాలంటే తినాలి కదా అని నీ బుర్ర లాజిక్ మొదలుపెడుతుంది. అక్కడే ఆపు. తిండి గురించి పాసేజ్ నోరెత్తలేదు, కాబట్టి నాట్ గివెన్. నీకు సైన్సు తెలిసి ఉండటం ఇక్కడ ప్లస్ కాదు, మైనస్. బాగా చదివే ఇంజినీరింగ్ పిల్లలే ఈ ప్రశ్నల్లో ఎక్కువగా దెబ్బతినడం చూస్తుంటాను.

వాక్యాన్ని కాదనే మాట పాసేజ్‌లో వేలు పెట్టి చూపించగలిగితే ఫాల్స్. చూపించలేకపోతే నాట్ గివెన్ పెట్టి ముందుకెళ్లు. లేని వాక్యం కోసం మూడేసి నిమిషాలు తడుముకుంటుంటే మూడో పాసేజ్‌కి టైమెక్కడ మిగులుతుంది? 60 నిమిషాలు, మూడు పాసేజ్‌లు, 40 ప్రశ్నలు. మూడోది కష్టంగా ఉంటుంది కాబట్టి మొదటిదాన్ని పదిహేను, పదహారు నిమిషాల్లో తెమిల్చేయ్. నెగెటివ్ మార్కులు లేవు, ఖాళీ మాత్రం వదలకు. 40లో ఇంచుమించు 30 కరెక్టయితే 7 బ్యాండ్, 23 అయితే 6. అంటే మొండి ప్రశ్నలు ఐదారు పోయినా కొంప మునగదు.

ప్రశ్న: లిజనింగ్‌లో ఆస్ట్రేలియన్, బ్రిటిష్ యాసలు వస్తే ఒక్క ముక్క అర్థం కావడం లేదు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని సిరీస్‌లు చూడమంటున్నారు ఫ్రెండ్స్. చూడనా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: చూడు, సరదాగా ఉంటుంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే మాత్రం అది రీడింగ్ ప్రాక్టీసు.

రెండు నిమిషాల ఆడియో తీసుకో. ఏమీ చూడకుండా విని, వినబడింది వినబడినట్టు కాగితం మీద రాయి. తర్వాత స్క్రిప్టు పక్కన పెట్టుకుని పోల్చు. పోయిన మాటల్లో చాలామటుకు నీకు తెలిసినవే ఉంటాయి. వేగంగా కలిపి పలికేసరికి చెవికి అందలేదు, అంతే. విసుగు పుట్టించే పనే, కానీ నాకు తెలిసి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

పరీక్షలో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. మాట్లాడేవాళ్లు ముందు మంగళవారం అని, ‘అయ్యో కాదు, ఆ రోజు ఖాళీ లేదు, గురువారం రండి’ అంటారు. మంగళవారం వినగానే రాసేసి ఊపిరి పీల్చుకున్నావా, మార్కు పోయినట్టే. ‘రెండు పదాలకు మించకూడదు’ అన్నచోట మూడు రాసినా, స్పెల్లింగ్ తప్పినా అంతే సంగతులు.

ప్రశ్న: రాయడం వరకు ఫర్వాలేదు గానీ, ఎదురుగా మనిషి కూర్చుంటే టెన్షన్‌తో నోరు పెగలదు. కార్డ్ ఇచ్చి రెండు నిమిషాలు మాట్లాడమంటే నలభై సెకన్లలో అయిపోతోంది. ఫారిన్ యాస నేర్చుకుంటే కాన్ఫిడెన్స్ వస్తుందా?
– ఉద్యోగం చేస్తూ ప్రిపేర్ అవుతున్న పాఠకుడు

జవాబు: యాస ఊసే వద్దండీ. వాళ్లు చూసేది మీ మాట ఎదుటివాళ్లకి స్పష్టంగా అందుతోందా లేదా అని. అరువు తెచ్చుకున్న యాస రెండో ప్రశ్న దగ్గరే జారిపోతుంది, జారిపోయాక వినడానికి మరీ ఇబ్బందిగా ఉంటుంది.

కార్డ్ సంగతి చూద్దాం. ‘మీ ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు గురించి చెప్పండి’ అని వచ్చిందనుకోండి. మాట్లాడే ముందు ఒక నిమిషం టైము, కాగితం, పెన్సిల్ ఇస్తారు. ఆ నిమిషంలో చాలామంది పూర్తి వాక్యాలు రాయబోతారు, రెండో వాక్యం మధ్యలో టైమైపోతుంది. మీరు మాటలే రాసుకోండి: సైకిలు, తాత, గంట మోగదు, నేర్చుకుంటూ పడ్డది, నాన్న అమ్మేద్దామన్నాడు, అమ్మ ఒప్పుకోలేదు. ఒక్కో మాట దగ్గర రెండు మూడు వాక్యాలు చెప్పినా రెండు నిమిషాలు చాలవు. చూడండి, వస్తువు ఎలా ఉంటుందో వర్ణిస్తే నలభై సెకన్లకే అయిపోతుంది, దాంతో ఏం జరిగిందో చెబితే సాగుతుంది. మీకు సైకిలు లేకపోతే ఉందనే చెప్పండి, ఇంటికొచ్చి ఎవరూ చూడరు. రెండు నిమిషాలు కాగానే ఎగ్జామినర్ మధ్యలోనే ఆపేస్తారు. బాగా మాట్లాడలేదేమోనని కంగారు పడకండి, ఎవరినైనా ఆపుతారు.

స్పీకింగ్ మొత్తం కలిపి 11 నుంచి 14 నిమిషాలే. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, తప్పేం లేదు. టెన్షన్ పోవడానికి ఒకటే మందు: రోజూ ఒక కార్డ్ మీద మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినడం. మొదట్లో మీ గొంతు మీకే చిరాకు పుట్టిస్తుంది, అయినా వినండి.

ప్రశ్న: లిజనింగ్ 7, రీడింగ్ 6.5, రైటింగ్ 5.5, స్పీకింగ్ 6. ఓవరాల్ 6.5 వచ్చిందని స్వీట్లు కూడా పంచాం. యూనివర్సిటీ వాళ్లు కుదరదన్నారు. ఇదేం అన్యాయం?
– ఎంఎస్‌కి అప్లై చేసిన పాఠకురాలు

జవాబు: లెక్క సరిగ్గానే ఉందమ్మా. నాలుగూ కలిపితే 25, సగటు 6.25. పావు వస్తే పైనున్న అరకి కలుపుతారు కాబట్టి 6.5 అయింది. కానీ నువ్వు పంపిన అడ్మిషన్ పేజీలో ఓవరాల్ కింద ఇంకో లైను ఉంది: ఏ విభాగంలోనూ 6 కన్నా తగ్గకూడదని. ఆ లైను చాలామంది చూడరు.

పరీక్ష కంప్యూటర్ మీద రాసి ఉంటే, రైటింగ్ ఒక్కటే మళ్లీ రాసే వన్ స్కిల్ రీటేక్ నీ సెంటర్‌లో ఉందేమో కనుక్కో. మొదటి పరీక్ష జరిగిన 60 రోజుల్లోపే రాయాలి. అన్ని యూనివర్సిటీలూ దాన్ని ఒప్పుకోవు, కాబట్టి ఫీజు కట్టకముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. రీ-వాల్యుయేషన్ అడిగే అవకాశం కూడా ఉంది, స్కోరు మారితే ఆ ఫీజు తిరిగిస్తారు. నీ రైటింగ్ మీద నీకు గట్టి నమ్మకం ఉంటేనే అటు వెళ్లు. నన్నడిగితే, పైన మొదటి అమ్మాయికి చెప్పిన నోట్‌బుక్ పని ఒక నెల చేసి రీటేక్ రాయడమే మేలు.

ప్రశ్న: మా అబ్బాయి కోర్సు మొదలయ్యేది ఏడాదిన్నర తర్వాత. ఒక పని అయిపోతుందని ఇప్పుడే రాయించేద్దామనుకుంటున్నాను. పేపరా, కంప్యూటరా?
– ఒక తండ్రి

జవాబు: స్కోరుని మామూలుగా రెండేళ్లే లెక్కలోకి తీసుకుంటారండీ. ఇప్పుడే రాస్తే కోర్సు మొదలయ్యేనాటికి గడువు అంచుకి వస్తుంది, వీసా దగ్గర ఏ చిన్న ఆలస్యమైనా మళ్లీ మొదటికే వస్తుంది. అప్లికేషన్ల గడువుకి నాలుగైదు నెలల ముందు పెట్టుకోండి, రెండోసారి రాయాల్సి వచ్చినా టైముంటుంది. రెండు రకాలూ దొరికే చోట అయితే ఏది ఎంచుకోవాలో అబ్బాయి టైపింగ్ వేగాన్ని బట్టి చూడండి. కంప్యూటర్‌లో పదాల లెక్క స్క్రీన్ మీదే కనబడుతుంది, వాక్యం మార్చుకోవడం తేలిక. రెండు వేళ్లతో వెతుక్కుంటూ కొట్టే రకమైతే మాత్రం, స్పెల్‌చెక్ ఆపేసి ఈ ఏడాదంతా తన ప్రాక్టీసు ఎస్సేలు టైప్ చేసే రాయమనండి.