ఆ బ్రేక్ బిగించే ముందు

చిన్నా,

నువ్వు ఈ అక్టోబర్‌లో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకి వెళ్తున్నావని, 12 నిండాయి కాబట్టి బుజ్జిగాణ్ణి కూడా తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కొలరాడో కొండల్లో తండ్రీకొడుకులు కలిసి నడుస్తారంటే ఎంత సంతోషమేసిందో. నీ .300 విన్‌మాగ్ రైఫిల్ కాల్చినప్పుడు భుజాన్ని మరీ తన్నుతోందని, దాని గొట్టం చివర మజిల్ బ్రేక్ (ఆ తన్ను తగ్గించే చిన్న తొడుగు) పెట్టిస్తున్నావని కూడా చెప్పింది. అది విన్నాక ఇక నిద్ర పట్టలేదు.

వాడికి హంటర్ ఎడ్యుకేషన్ కార్డు చేయించే ఉంటావు, ఆరెంజ్ జాకెట్లు, టోపీలు కొనే ఉంటావు, అవి వదిలేద్దాం.

అసలు అంత రైఫిల్ ఎందుకు కొన్నావురా? 6.5 క్రీడ్‌మోర్ రైఫిల్ అయితే దాదాపు సగమే తన్నుతుంది, తగినంత దగ్గర నుంచి సరైన చోట కొడితే ఎల్క్‌కి చాలు. వాడి చేతికి మాత్రం ఆ విన్‌మాగ్ ఇవ్వకు, చిన్నతనంలో ఒకసారి భుజం అదిరితే ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకోవడం అలవాటైపోతుంది.

బ్రేకే కావాలంటే ముందు బ్యారెల్ చివర మరలున్నాయో లేదో చూడు. .30 క్యాలిబర్‌కి మామూలుగా 5/8-24 సైజు మర ఉంటుంది. లేకపోతే మంచి గన్‌స్మిత్‌తో (తుపాకులు బాగుచేసేవాడితో) మరలు కోయించు, సొంతంగా మాత్రం చెయ్యకు. బ్రేక్ రంధ్రం బుల్లెట్ కంటే కాస్త పెద్దదిగా, బ్యారెల్‌తో ఒకే గీతలో ఉండాలి, లేకపోతే బుల్లెట్ దానికే తగులుతుంది. కింద వైపు రంధ్రాలు లేనిది తీసుకో, పడుకుని కాల్చినప్పుడు దుమ్ము లేపదు. బిగించాక మళ్లీ జీరో చెయ్యాలి, అంటే గురిపెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా సరిచెయ్యాలి, బ్రేక్ తీసేస్తే మళ్లీ చూసుకోవాలి.

అది తన్నుని తగ్గించేది గ్యాస్‌ని పక్కలకీ వెనక్కీ మళ్లించి. ఆ గ్యాస్‌తో పాటే మోత కూడా పక్కనున్నవాళ్ల మీదికే వస్తుంది. 140 డెసిబెల్స్ దాటితే ఒక్క దెబ్బకే చెవి పాడవచ్చంటారు, రైఫిల్ మోత బ్రేక్ లేకపోయినా 160 దాకా ఉంటుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇలాగే కొత్త బ్రేక్ పెట్టించి మురిసిపోయాను. ఒక మిత్రుడు నాకు ఎడమ పక్కన కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ ఎల్క్ కూత వినడానికి ఇద్దరం చెవులు కప్పే మఫ్‌లు మెడలోకి దించుకునే ఉన్నాం. 200 గజాల్లో మగ ఎల్క్ బయటికొచ్చింది. నేను మఫ్‌లు పైకి లాక్కున్నాను, ఆయన వైపు చూడలేదు, కాల్చేశాను. ఆయన నవ్వుతూ నా వీపు తట్టాడు, ఆ తర్వాత కుడి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ రాత్రి టెంట్‌లో "స్టవ్ ఆపావా, సుయ్‌మంటోంది" అని అడిగాడు. ఆపేశానన్నాను. పది నిమిషాలకి మళ్లీ లేచి, తనే వెళ్లి సిలిండర్ మర తిప్పి చూసి వచ్చాడు. మూడోసారి లేచినప్పుడు ఆ శబ్దం ఎక్కడిదో నాకు అర్థమైంది. ఆయనకి అది ఇప్పటికీ ఆగలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు, కానీ నేను మాట్లాడుతుంటే ఎడమ చెవి తిప్పుతాడు చూడు, అప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది.

వేటలో నీ పక్కన కూర్చునేది వాడేరా.

బ్రేక్ బదులు సప్రెసర్ (బ్యారెల్ చివర బిగించే, మోత తగ్గించే గొట్టం) గురించి ఆలోచించు. కొలరాడోలో దాంతో వేటాడొచ్చు, దాని మీద ఉన్న 200 డాలర్ల ఫెడరల్ పన్ను కూడా 2026 జనవరి నుంచి సున్నా అయింది, ఫెడరల్ కాగితాలు మాత్రం తప్పవు. బ్రేకంత కాకపోయినా తన్ను తగ్గిస్తుంది, మోత కూడా తగ్గిస్తుంది. అయినా చెవులు కప్పుకోవాల్సిందే. బ్రేకే పెడతానంటే ఇద్దరికీ ఎలక్ట్రానిక్ మఫ్‌లు కొను, వాటిలో కొమ్మ విరిగినా వినపడుతుంది కాబట్టి తియ్యాల్సిన పని ఉండదు. రేంజ్‌లో (కాల్చడం సాధన చేసే చోట) వాటి కింద చెవి ప్లగ్గులు కూడా పెట్టుకోండి. వాడి చెవుల మీద మఫ్‌లు నీ కళ్లతో చూశాకే సేఫ్టీ తియ్యి, ఈలోపు ఎల్క్ పారిపోతే పోనీ.

జీరో చెయ్యడానికి రేంజ్‌కి ఎప్పుడు వెళ్తావో చెప్పు, నేనూ వస్తాను. పెద్దవాళ్ల మఫ్‌లు వాడికి వదులవుతాయి, తల కొలత టేప్‌తో తీసి పంపు, వాడివి నేనే కొంటాను.

పెదనాన్న