స్కౌట్ల యాభై పెన్స్ నాణెం

ప్రశ్న: లండన్ నుంచి వచ్చిన మా అన్నయ్య తెచ్చిన చిల్లరలో, పువ్వు గుర్తున్న 2007 నాటి ఏడు పలకల నాణెం ఒకటి ఉంది. అదేమిటి? దానికి విలువ ఎక్కువా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అది స్కౌట్ ఉద్యమ శతాబ్ది సందర్భంగా బ్రిటన్‌లోని రాయల్ మింట్ ముద్రించిన 50 పెన్స్ నాణెం. 1907లో బేడెన్ పోవెల్ బ్రౌన్‌సీ దీవిలో కొద్దిమంది బాలురతో నడిపిన శిబిరంతో ఆ ఉద్యమం మొదలైంది కనుక, నాణెంపై 1907, 2007 సంవత్సరాలతో పాటు, సర్వదా సిద్ధంగా ఉండాలనే స్కౌట్ల నినాదాన్నీ ఇంగ్లీషులో చూడవచ్చు. మీరు పువ్వు అన్నది భూగోళం ముందు నిలిచిన మూడు రేకుల లిల్లీ. పాత పటాలలో ఉత్తర దిక్కును సూచించిన ఆ గుర్తే స్కౌట్ల చిహ్నమైంది. రాగి, నికెల్ మిశ్రమంతో చేసిన ఈ ఎనిమిది గ్రాముల నాణేలు 77 లక్షలకు పైగా చలామణిలోకి వచ్చాయి కాబట్టి, ఇది అంత అరుదైనదేమీ కాదు. మెరుపు కోసం చింతపండుతో మాత్రం తోమకండి. సేకరణదారులు అలా తోమిన నాణేన్ని ఇష్టపడరు.