రేఖాంశ రేఖలో రేఖ రెండుసార్లా?

సందేహం: నేను కావలిలో సోషల్ చెబుతాను. పిల్లలు 'రేఖాంశ రేఖ' అని రాస్తే పునరుక్తి అని ఒక రేఖను కొట్టేస్తుంటాను. 'అక్షాంశ రేఖ అంటే ఊరుకుంటారు, ఇదెందుకు తప్పు సార్?' అని ఒక కుర్రాడు అడిగాడు. ఏది ఒప్పు? ఇంకొకటి. టీవీలో 'భారత కాలమానం ప్రకారం' అంటారు, పాఠంలో 'భారత ప్రామాణిక కాలం' అంటారు. రెండూ ఒకటేనా? టైమ్ జోన్‌ని తెలుగులో ఏమనాలి?

సమాధానం: మాస్టారూ, కుర్రాడి వాదనలో బలం ఉంది. 'రేఖాంశ రేఖ' చెవికి కాస్త ఎబ్బెట్టుగా ఉంటుందే గానీ తప్పు కాదు.

చిక్కంతా 'అంశ' దగ్గర వచ్చింది. అంశ అంటే భాగం అని అందరికీ తెలుసు. జ్యోతిశ్శాస్త్రంలో దానికి ఇంకా కచ్చితమైన అర్థం ఉంది. వృత్తాన్ని 360 భాగాలు చేస్తే అందులో ఒకటి అంశ. ఇప్పుడు మనం డిగ్రీ అంటున్నది అదే. అంటే రేఖాంశం గీత పేరు కాదు, ఒక లెక్క. ఏదో ఒక రేఖ నుంచి ఎన్ని అంశల దూరంలో ఉన్నామన్న లెక్క. ఆ రేఖ ఏదంటే, భూమధ్యరేఖ మీద ఉందనుకున్న లంక నుంచి ఉత్తర ధ్రువం దగ్గరి మేరువు దాకా ఉజ్జయిని మీదుగా పోతుందని మన సిద్ధాంత గ్రంథాలు ఊహించిన మధ్యరేఖ. దాన్ని ఉత్త 'రేఖ' అని కూడా అనేవారు. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం సున్నా గీతను గ్రీనిచ్‌కి ఖాయం చేసింది. గీత మారినా మన మాట మారలేదు. కాబట్టి 'రేఖాంశ రేఖ'లో మొదటి రేఖ గ్రీనిచ్‌ది, రెండోది మీ ఊరి మీదుగా పోయేది. రెండూ వేరు వేరు గీతలు.

అసలు పునరుక్తి కావాలంటే '80 డిగ్రీల రేఖాంశం'లో దొరుకుతుంది. డిగ్రీ, అంశ ఒకటే కదా! దాన్ని ఎవరూ కొట్టెయ్యరు. నేనూ కొట్టెయ్యను. వాడుకలో అంతగా స్థిరపడిపోయిన మాటను ఎర్ర సిరాతో సవరించడం దండగ.

అక్షాంశం సంగతి ఇంకా బాగుంటుంది. 'అక్షాంశాలు అడ్డం, రేఖాంశాలు నిలువు' అని పిల్లలు బట్టీ పడతారు. పటం చదవడానికి అది చాలు, మాట అర్థం కావడానికి మాత్రం చాలదు. అక్షం అంటే ఇరుసు. భూమి ఇరుసును ఉత్తరం వైపు పొడిగించుకుంటూ పోతే దాదాపు ధ్రువనక్షత్రం దగ్గరికి చేరుతుంది. రాత్రి మీ ఊరి నుంచి చూస్తే ధ్రువుడు ఆకాశపు అంచుకు పైన దాదాపు 15 అంశల ఎత్తులో ఉంటాడు. కావలి అక్షాంశం కూడా అంతే. భూమధ్యరేఖ దగ్గర ధ్రువుడు అంచుకు ఆనుకుని ఉంటాడు, అక్కడ అక్షాంశం సున్నా. అందుకే దానికి 'నిరక్షరేఖ' అని పేరు. భూమి బల్లపరుపుగా ఉంటే ఈ ఎత్తు ఊరూరికీ ఇలా మారేది కాదు. 'భూగోళః సర్వతో వృత్తః' అని ఆర్యభటుడు తేల్చి చెప్పిన భూమి కాబట్టే అక్షాంశమనే మాటకు పని పడింది.

ధ్రువుణ్ణి చూడక్కర్లేకుండా పగలే లెక్క కట్టే పద్ధతి కూడా మనవాళ్ళకు ఉంది. రాత్రీ పగలూ సమానమైన రోజున, 12 అంగుళాల శంకువును, అంటే నీడ కొలిచే పుల్లను, నిటారుగా నిలబెట్టి మిట్టమధ్యాహ్నపు నీడను కొలుస్తారు. ఆ నీడ పేరు పలభ. నెల్లూరు పలభ 3 అంగుళాలకు రవ్వంత ఎక్కువ, ఒంగోలుకు 3.3. మీ కావలికి 3.2 రావాలి. మార్చి 21న బడి ఆవరణలో అడుగు స్కేలు నిలబెట్టి పిల్లల చేత కొలిపించండి. అయితే 12 గంటలకు కాదు, 12.17 ప్రాంతంలో.

ఆ పదిహేడు నిమిషాలు ఎక్కడివంటారా? మన గడియారం నడిచేది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి. కావలి ఉన్నది 80 దగ్గర. భూమి ఒక అంశ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి రెండున్నర అంశలకు 10 నిమిషాలు. మిగతా ఏడు భూమి ఇరుసు వాలు వల్ల, సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగకపోవడం వల్ల వచ్చినవి. అవి నెలనెలా మారుతుంటాయి. నెల్లూరు, కావలి, ఒంగోలు మూడూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. నెల్లూరు నుంచి ఒంగోలుకు బస్సులో పోతుంటే దాదాపు రేఖాంశం వెంబడే పోతున్నట్టు. మూడు ఊళ్ళలోనూ మిట్టమధ్యాహ్నం ఒకేసారి అవుతుంది, నీడ పొడవులోనే తేడా. పాఠంలో దీన్ని మించిన ఉదాహరణ అక్కర్లేదు.

ఇక కాలమానం. 'మానం' అంటే కొలత, లెక్కించే పద్ధతి. చాంద్రమానం, సౌరమానం మనకు కొత్త కాదు. ఆ వరసలో 'భారత కాలమానం ప్రకారం రాత్రి 8 గంటలకు' అనడం చక్కటి తెలుగు. 'ప్రామాణిక కాలం' అన్నదీ అదే గానీ దాని పని వేరు. 'స్థానిక కాలం' పక్కన పెట్టి తేడా చూపాల్సినప్పుడు ఆ మాటే వాడాలి. 1906 జనవరి 1న దేశానికంతటికీ ఒక కాలం పెట్టారు. అంతకుముందు రైళ్ళు మద్రాసు కాలం పాటించేవి. అది 80¼ డిగ్రీల లెక్క కాబట్టి, నెల్లూరు సూర్యుడికీ స్టేషన్ గడియారానికీ సగటున ఒక నిమిషమే తేడా ఉండేది. ఈ సంగతి చెప్పడానికి 'కాలమానం' చాలదు, స్థానిక, ప్రామాణిక అని విడదీయాల్సిందే.

టైమ్ జోన్‌ని 'కాలమండలం' అంటే వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ మండలం అనగానే మన జిల్లాల్లో ఎమ్మార్వో ఆఫీసు గుర్తొస్తుంది. మన దేశమంతా ఒకే జోన్ కాబట్టి ఆ మాటతో మనకు రోజూ పని పడదు. అమెరికాలో ఉన్న పిల్లలకు ఫోన్ చేసేటప్పుడు పడుతుంది, అప్పుడు అందరూ టైమ్ జోన్ అనే అంటారు. పాఠంలో కాలమండలం అని రాయించండి, మాటల్లో టైమ్ జోన్ అంటే దిద్దకండి.