ఫోన్ మోగలేదంటే అబ్బాయి నమ్మడం లేదు

ప్రశ్న: నాకు 64 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఒక్కదాన్నే ఉంటున్నాను. మావారు టీచరుగా రిటైరయ్యారు, పోయి పది నెలలైంది. ఆయన ఉండగా ఫోన్ సంగతంతా ఆయనే చూసుకునేవారు. పిల్లలు చేస్తే “ఇదిగో, మాట్లాడు” అని చేతికిచ్చేవారు, మాట్లాడి మళ్ళీ ఆయనకే ఇచ్చేసేదాన్ని. ఆయన పోయాక హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి టచ్ ఫోన్ కొనిచ్చాడు. అది నావల్ల కాలేదు. తర్వాత చిన్న బటన్ల ఫోన్ కొన్నాడు. వస్తే ఆకుపచ్చ బటన్ నొక్కి మాట్లాడటం తప్ప నాకు ఇంకేమీ రాదు. వాడు వచ్చినప్పుడల్లా చూపిస్తాడు గానీ గబగబా నొక్కేస్తాడు. నేను తలూపుతాను. వాడు బస్సెక్కేసరికి అంతా మర్చిపోతాను. పోయిన నెల ఒక రాత్రి చాలాసార్లు చేశాడట, నాకు అసలు మోగనే లేదు. ఫోన్ నడుము దగ్గరే దోపుకుని ఉన్నాను. పక్కింటివాళ్ళని పంపించాడు, తర్వాత “ఎన్నిసార్లు చెప్పాలమ్మా!” అని అరిచాడు. వెనకనుంచి మా కోడలు “అత్తయ్య కావాలనే తీయరు” అనడం నాకు వినబడింది. ఎనిమిదో తరగతి చదివాను, రోజూ పేపరు చదువుతాను. అయినా ఇప్పుడు ఫోన్ మోగితే టెన్షన్. ఆయన ఫోన్‌కి ఇంకా రీచార్జి దేనికి, ఆపేద్దాం అని కూడా అంటున్నాడు. నా బుర్ర మొద్దుబారిందా? ఈ వయసులో ఇవన్నీ మనకెందుకని వదిలేయనా?

జవాబు: అమ్మా, వదిలేయొద్దు. మీ బుర్ర సంగతి తర్వాత, ముందు ఆ రాత్రి ఫోన్ ఎందుకు మోగలేదో చూద్దాం. మీ ఇంట్లో ఇంత గొడవకి కారణం ఒక్క బటన్ అయ్యుండే అవకాశం చాలా ఉంది.

చాలా కీప్యాడ్ ఫోన్లలో అట్టడుగు వరసలో కుడిచేతి వైపు హ్యాష్ (#) బటన్ ఉంటుంది. దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోన్ సైలెంట్‌లోకి వెళ్ళిపోతుంది. గుళ్ళోనో మీటింగులోనో చటుక్కున రింగు ఆపుకోవడానికి పెట్టిన సదుపాయం అది. మీరు ఫోన్ నడుము దగ్గర దోపుకుని వంగి వాకిలి ఊడుస్తారు, అంట్లు తోముతారు. ఒత్తిడికి ఆ బటన్ నొక్కుకుపోతుంది. ఇక ఎన్నిసార్లు చేసినా మోగదు. ఇప్పుడే ఫోన్ తీసి తెర పైభాగం చూడండి. గంట బొమ్మ మీద అడ్డగీత ఉందంటే సైలెంట్‌లో ఉన్నట్టే. హ్యాష్ బటన్‌నే మళ్ళీ కాసేపు నొక్కి పట్టుకోండి, చాలా ఫోన్లలో గీత పోతుంది. పోకపోతే మెనూలో ప్రొఫైల్స్ అని ఉంటుంది, అందులో నార్మల్ గానీ జనరల్ గానీ ఎంచుకోవాలి. దానికి ఎవరి సాయమైనా తీసుకోండి.

మళ్ళీ ఇలా జరగకుండా బటన్లకి తాళం వేసుకోవచ్చు. చాలా ఫోన్లలో ఎడమవైపు కింద ఉన్న స్టార్ (*) బటన్ నొక్కి పట్టుకుంటే తాళం పడుతుంది. తీయాలంటే పైన ఎడమవైపు బటన్ గానీ మధ్య బటన్ గానీ నొక్కి, వెంటనే స్టార్ నొక్కాలి. ఏది నొక్కాలో తెరమీదే రాసి వస్తుంది. తాళం వేస్తే వచ్చిన ఫోన్ తీయడం కుదరదేమోనని చాలామంది భయపడతారు. అదేమీ లేదు. తాళం ఉన్నా ఫోన్ మోగుతుంది, ఆకుపచ్చ బటన్ నొక్కితే మాట్లాడవచ్చు.

ఈ సంగతి అబ్బాయికి మీరే చెప్పండి. “నాకు తెలీలేదురా” అనొద్దు. “హ్యాష్ నొక్కుకుపోయి సైలెంట్‌లో పడిందిరా, తీసేశాను” అనండి. ఆ ముక్క మీ నోటినుంచి వచ్చాక వాడు మాట్లాడే తీరు మారుతుంది చూడండి. కోడలి మాటకి కూడా అదే జవాబు. విడిగా పంచాయితీ పెట్టొద్దు.

ఇక మీ బుర్ర గురించి. రోజూ పేపరు చదివే మనిషికి పన్నెండు బటన్లు రాకపోవడమేమిటి? మీ చేతులు ఇంతకాలం ఆ పని చేయలేదు, అంతే. ఆయన ప్రేమగానే చేసిపెట్టారు గానీ, ఆ ప్రేమవల్ల మీకు నేర్చుకునే అవసరం రాలేదు. మన ఇళ్ళలో ఫోను, బ్యాంకు, కరెంటు బిల్లు మగవాళ్ళ ఖాతాలోనే ఉంటాయి. వాళ్ళు పోయిన రోజున ఆ పనులన్నీ ఒక్కసారిగా ఆడవాళ్ళ మీద పడతాయి. దానికి తోడు మనిషి పోయిన దుఃఖంలో చెప్పింది తలకెక్కదు. పది నెలలంటే పెద్ద కాలమేమీ కాదు.

కాకపోతే మీ వైపునుంచి ఒక పొరపాటు ఉంది, చెప్పక తప్పదు. అర్థం కాకపోయినా తలూపడం. మీరు తలూపితే వాడు మీకు వచ్చేసిందనుకుంటాడు. తర్వాత మీరు చేయకపోతే అశ్రద్ధ అనుకుంటాడు. “ఆగరా, ఫోన్ నా చేతికివ్వు, నేను నొక్కుతాను, నువ్వు నోటితో చెప్పు” అనండి. అలా అడగడం చిన్నతనమేమీ కాదు. ఇంకొకరు నొక్కుతుంటే చూసి ఎవరికీ రాదు. వంట చూసి ఎవరైనా నేర్చుకున్నారా, గరిట పట్టాల్సిందే కదా.

నన్నడిగితే మొదట్లో అబ్బాయి దగ్గర నేర్చుకోవద్దు. పక్కింట్లోనో ఎదురింట్లోనో ఇంటర్ చదివే పిల్ల ఉంటే పిలవండి. కన్నపిల్లలకి తల్లి తడబడితే చూసే ఓపిక తక్కువ, పైవాళ్ళ పిల్లలకి ఎక్కువ. ఎందుకో గానీ చాలా ఇళ్ళలో ఇదే చూశాను. ఆ పిల్లకి ఒకటే షరతు పెట్టండి, ఫోన్ మీ చేతిలోంచి కదలకూడదు. రోజుకో కొత్త సంగతి నేర్పమని అడగొద్దు. ఒకటి మీ అంతట మీరు చేయగలిగాకే రెండోది. ఒక నోటుపుస్తకంలో మీ మాటల్లోనే రాసుకోండి. “ఎర్రది నొక్కితే మొదటికొస్తుంది” అన్నట్టు.

ఆ ఎర్ర బటన్‌తోనే మొదలుపెట్టండి. మెనూలో ఎక్కడ తప్పిపోయినా ఒకసారి నొక్కి వదిలితే మామూలు తెర వచ్చేస్తుంది. నొక్కి పట్టుకుంటే మాత్రం ఫోన్ ఆగిపోతుంది, మళ్ళీ పట్టుకుంటే వెలుగుతుంది. ఏదైనా తీసేసే ముందు ఫోన్ “అవునా, కాదా” అని అడుగుతుంది కాబట్టి తెలియకుండా పాడుచేస్తానన్న బెంగ వద్దు. ఈ ఒక్క ధైర్యం వస్తే సగం వచ్చినట్టే.

తర్వాత, మీ అంతట మీరు ఫోన్ చేయడం. మీరు రాసిన ఉత్తరమంతా వాళ్ళు చేస్తే తీయడం గురించే ఉంది. మీకు మాట్లాడాలనిపిస్తే? దానికి పేర్లు వెతకక్కర్లేదు. స్పీడ్ డయల్ అని ఉంటుంది, ఒక్కో అంకెకి ఒక్కొక్కరి నంబరు పెట్టించుకోవచ్చు. 2 నొక్కి పట్టుకుంటే అబ్బాయికి, 3 అయితే పక్కింటికి, 4 అయితే మీకు కావలసిన ఇంకొకరికి. 1 సాధారణంగా వాయిస్ మెయిల్‌కి పోతుంది, దాన్ని వదిలేయండి. 5, 9 కూడా వదిలేయండి. మన దేశంలో 2017 నుంచి అమ్మే ఫోన్లలో అత్యవసర బటన్ ఉండాలని నియమం ఉంది. కీప్యాడ్ ఫోన్లలో దానికి 5 గానీ 9 గానీ కేటాయించారు. నొక్కి పట్టుకుంటే 112కి, అంటే పోలీసు, అంబులెన్సు, ఫైరు అన్నిటికీ కలిపి ఉన్న నంబరుకి పోతుంది. సరదాకి నొక్కి చూడొద్దు. ఫోన్ పాతదైతే ఆ ఏర్పాటు ఉండకపోవచ్చు, అప్పుడు 112 అని కొట్టి ఆకుపచ్చ బటన్ నొక్కడమే. వైద్యానికి 108 మీకు తెలిసిందే. పెద్దవాళ్ళ కష్టసుఖాలకి 14567 అని ఎల్డర్ లైన్ ఉంది, అది కూడా ఆ నోటుపుస్తకం మొదటి పేజీలో పెద్ద అంకెల్లో రాసుకోండి.

మామూలు తెరమీద ఆకుపచ్చ బటన్ ఒకసారి నొక్కితే ఇటీవలి కాల్స్ వరసగా కనబడతాయి. కావలసిన పేరు దగ్గరికి దిగి మళ్ళీ ఆకుపచ్చ నొక్కితే వాళ్ళకే పోతుంది. మిస్డ్ కాల్ చూసి తిరిగి చేయడం వస్తే మీ అబ్బాయి ఫిర్యాదు చాలావరకు తీరిపోతుంది. మెనూ ఇంగ్లీషులో ఉండి ఇబ్బందైతే, ఇక్కడ అమ్మే ఫోన్లలో చాలావాటికి తెలుగు పెట్టుకోవచ్చు. నొక్కిన అంకెని పైకి చదివేవి కూడా ఉన్నాయి, కళ్ళజోడు వెతుక్కోనక్కర్లేదు. టార్చి, ఎఫ్ఎం రేడియో, అలారం తీరిగ్గా నేర్చుకోండి. ఫోన్‌తో డబ్బు పంపడం ఈ కీప్యాడ్ ఫోన్‌లో కూడా సాధ్యమే, 2022లో రిజర్వు బ్యాంకు అందుకు యూపీఐ 123పే తెచ్చింది. మీకిప్పుడు అది వద్దు.

ఒక్క జాగ్రత్త. బ్యాంకు అనో పోలీసు అనో ఎవరైనా ఫోన్ చేసి, మెసేజ్‌లో వచ్చిన ఓటీపీ చెప్పమన్నా, స్టార్ 401 లాంటివి నొక్కమన్నా ఎర్ర బటన్ నొక్కేయండి. ఆ 401 నొక్కి వాళ్ళిచ్చిన నంబరు కొడితే మీకు రావలసిన ఫోన్లు వాళ్ళకి మళ్ళిపోయే ప్రమాదం ఉంది. అలా పెట్టేయడం మర్యాద తప్పినట్టేమీ కాదు. డబ్బు పోయిందనిపిస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి.

ఇది మీ అబ్బాయికి చదివి వినిపిస్తారనుకుంటున్నాను, అందుకని అతనికి కూడా ఒక మాట. బాబూ, నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ ఫోన్ తీయకపోతే మీ మనసు ఎక్కడికి పోతుందో ఊహించగలను. ఆ భయమే అరుపుగా బయటికొస్తోంది. కానీ అమ్మకి వినబడేది అరుపొక్కటే. రోజూ ఒక వేళ పెట్టుకోండి, రాత్రి ఏడున్నరకి అనుకోండి. ఆ వేళకి ఆవిడ ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చుంటారు. వారానికి రెండు రోజులు మీరు చేయకండి, ఆవిడ చేసేదాకా ఆగండి. టచ్ ఫోన్ ఊసు ఎత్తొద్దు, ఆవిడే అడిగినప్పుడు చూద్దాం. నెట్ లేని ఫోన్‌కి నెట్ ఉన్న ప్యాక్ వేయించనక్కర్లేదు. మాటలకి, మెసేజ్‌లకి మాత్రమే ఉండే ప్యాక్‌లు కూడా ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఫోన్ కంపెనీలకి చెప్పింది, అడిగి వేయించండి.

మీ నాన్నగారి నంబరు మాత్రం ఇప్పుడే ఆపొద్దు. అమ్మ బ్యాంకు ఖాతా, ఫ్యామిలీ పెన్షన్, గ్యాసు, ఆధార్, వీటిలో ఎన్నిటికి ఆ నంబరే ఇచ్చి ఉన్నారో ముందు చూడండి. మూడు నెలలపాటు వాడకుండా, రీచార్జి లేకుండా వదిలేస్తే నంబరు రద్దు కావచ్చు, తర్వాత ఇంకెవరికో పోతుంది. అప్పుడు అమ్మ ఓటీపీలు వాళ్ళకి వెళ్తాయి. మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని కంపెనీ షాపుకి అమ్మతో కలిసి వెళ్ళి, సిమ్ ఆవిడ పేరుమీదికి మార్పించడానికి దరఖాస్తు పెట్టండి. చాలా కీప్యాడ్ ఫోన్లలో రెండు సిమ్‌లు పడతాయి, రెండోదిగా అదే వేయించండి. సిమ్ మరీ చిన్నదైతే సరిపడా సైజుది షాపులోనే ఇస్తారు. జియో నంబరైతే 2జీ ఫోన్‌లో పనిచేయదు, 4జీ కీప్యాడ్ ఫోన్ కావాలి.

అమ్మా, అలా చేస్తే మీ మెసేజ్‌లు మీ ఫోన్‌కే వస్తాయి, సంగతి తెలియని మాస్టారి పాత విద్యార్థులెవరైనా ఆ నంబరుకి చేసినా మీరే మాట్లాడవచ్చు. ఏ నంబరుకి వచ్చిందో తెలియడానికి, మీ ఫోన్‌లో వీలుంటే రెండు సిమ్‌లకీ రెండు వేరు రింగులు పెట్టించుకోండి. మీరు ఫోన్ చేసేటప్పుడు ఏ సిమ్ అని అడిగితే ప్రతిసారీ మొదటిదే నొక్కండి.