డాక్టర్ సలహా: కత్తి చూపిస్తే గల్లా వదిలేయాలా, అడ్డుపడాలా?

ప్రశ్న: నా వయసు 29. విశాఖ గాజువాకలో ఓ మందుల షాపులో పనిచేస్తాను. 12 రోజుల కిందట రాత్రి షాపు కట్టే వేళ ఒకడు కత్తి చూపించి గల్లాలో చెయ్యి పెట్టాడు. కత్తి పట్టుకుని లాగేశాను. కుడి అరచెయ్యి తెగి ఐదు కుట్లు పడ్డాయి. కుట్లు తీసేశారు గానీ చిటికెన వేలి కొస వంగడం లేదు, ఒక పక్క మొద్దుబారింది. నిద్ర పట్టడం లేదు. ఇంకోసారి ఎవడైనా వస్తే అందరూ కలిసి పట్టుకోవాలని మా ఓనరు గారు అంటున్నారు. అడ్డుపడాలా?

జవాబు: ముందు వేలి సంగతి చూద్దాం, దానికి ఆగే టైం లేదు. ఎడమ చేత్తో చిటికెన వేలి నడిమి కణుపు కదలకుండా పట్టుకుని, కొస ఒక్కటే వంచి చూడండి. అసలు కదలకపోతే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) తెగి ఉండొచ్చు. మొద్దుబారిందంటే నరం మీద కూడా అనుమానమే. అరచేతి గాయాల్లో పైన చర్మం కుట్టేసి లోపలిది చూడకుండా వదిలేయడం జరుగుతూనే ఉంటుంది. తెగిన టెండన్ కొస లోపలికి, మణికట్టు వైపు జారిపోతుంది. మొదటి రెండు వారాల్లో అయితే రెండు కొసలూ కలిపి కుట్టడం తేలిక. నెల దాటితే కండరం కుంచించుకుపోయి, వేరే చోటి నుంచి టెండన్ తెచ్చి అతకాల్సి రావచ్చు. అందుకని రేపే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ప్లాస్టిక్ సర్జరీ విభాగంలోనో, చేతి సర్జన్ దగ్గరో చూపించుకోండి. ఈఎస్ఐ కార్డుంటే పనిలో తగిలిన దెబ్బ అని తప్పకుండా రాయించండి.

ఇక మీ ప్రశ్నకు: వద్దు. కత్తి కనబడగానే భయానికి ఒంట్లో ఊరే అడ్రినలిన్ హార్మోన్ ఎగదన్నుతుంది, చూపు కత్తికే అతుక్కుపోతుంది, వేళ్లకు పట్టు కుదరదు. మీ చెయ్యి పిడి మీదకు కాకుండా అంచు మీదకు పోయింది అందుకే. అవతలివాడి ఒంట్లోనూ అదే అడ్రినలిన్. ఇరుకు కౌంటర్లో నలుగురు మీద పడి దారి మూసేస్తే, డబ్బు కోసం వచ్చినవాడు పారిపోవడానికి పొడుస్తాడు. గజ్జల్లో పెద్ద ధమని తెగితే నిమిషాల్లోనే ప్రాణం మీదికొస్తుంది, 108 ఎంత త్వరగా వచ్చినా చాలకపోవచ్చు.

మళ్లీ ఎవడైనా వస్తే చేతులు కనబడేలా ఉంచండి. "గల్లా తీస్తున్నాను" అని చెప్పి తీయండి. గబుక్కున వంగొద్దు, గుమ్మానికి అడ్డం నిలబడొద్దు. వాడు పోయాక షట్టర్ దించి 112కి ఫోన్ చేయండి, వెంటపడొద్దు. కొందరు కౌంటర్ కింద కారం పొట్లం పెడతారు. ఫ్యాను గాలికి అది మన కళ్లలోనే పడుతుంది. పడితే నలపకుండా 15 నిమిషాలు నీళ్లధార కింద కడగాలి. ఓనరు గారు నిజంగా చేయాల్సింది, గల్లాలో తక్కువ డబ్బు ఉంచడం, కట్టే వేళ ఒక్కరినే వదలకపోవడం.

ఎవరికైనా రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి 10 నిమిషాలు తీయకుండా పట్టుకోండి. తడిస్తే పైనే ఇంకోటి వేయండి. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. దిగబడిన కత్తిని పీకొద్దు. ఇలాంటి గాయమైతే, టీటీ (ధనుర్వాతం టీకా) వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించాలి. మీకు వేశారో లేదో చీటీ చూసుకోండి.

నిద్ర పట్టకపోవడం, షట్టర్ చప్పుడుకు ఉలిక్కిపడటం మొదటి నెలలో మామూలే. నెల దాటినా తగ్గకపోతే, అంతకుముందే పని చేసుకోలేకపోతున్నా, చినవాల్తేరు మానసిక వైద్యశాలకు వెళ్లండి. 14416 టెలీమానస్‌లో (మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ లైను) తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ వెనక షెల్ఫులోనే అల్ప్రజోలం (ఆందోళన తగ్గించి మత్తునిచ్చే మాత్ర) ఉంటుంది, దాని జోలికి మాత్రం పోకండి. ఈ భయాన్ని అది నయం చేయదు, అలవాటుగా మాత్రం మారుతుంది.