రిబ్బన్ మైక్‌కు వెనక కూడా చెవులుంటాయి

ప్రశ్న: స్టీరియో రిబ్బన్ మైక్ ముందు నేను పాడుతుంటే, మైక్‌కు పక్కగా కూర్చుని స్నేహితుడు గిటార్ వాయిస్తున్నాడు. హెడ్‌ఫోన్స్‌లో బాగానే ఉంది కానీ ఒకే స్పీకర్ ఉన్న ఫోన్‌లో వింటే గిటార్ దాదాపు వినిపించడం లేదు. నా గొంతు కూడా బరువుగా, గుమ్మని వస్తోంది. మైక్ పాడైందా?

మైక్‌కు ఏమీ కాలేదు. ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది, కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: వాయించేవాళ్లను మైక్‌కు సరిగ్గా పక్కన కూర్చోబెట్టడం. మీ మైక్‌లో రెండు రిబ్బన్లు, అంటే శబ్దానికి కదిలే పల్చటి లోహపు రేకులు, ఒకదాని మీద ఒకటి, 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. ఒక్కోటి తన ముందూ వెనకా వింటుంది, తన పక్కల్లో వినదు. 1931లో అలన్ బ్లుమ్‌లీన్ పేటెంట్‌కు దరఖాస్తు చేసిన స్టీరియో పద్ధతిలోనిదే ఈ అమరిక. రెండు రిబ్బన్లూ చెరోవైపు ఏటవాలుగా తిరిగి ఉంటాయి కాబట్టి మైక్ పక్క నుంచి వచ్చిన శబ్దం రెండు ఛానెళ్లలోనూ పడుతుంది, కానీ ఒకదానికొకటి తిరగబడి. మోనోలో, అంటే ఒకే స్పీకర్‌లో, ఆ రెండూ కలవగానే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మీ గిటార్ పోయింది అక్కడే.

గిటార్‌ను ముందువైపు 90 డిగ్రీల పరిధిలోకి తెచ్చుకోండి. లేదా మైక్ వెనక, మీకు ఎదురుగా కూర్చోబెట్టండి, ఒకరినొకరు చూసుకుంటూ పాడుకోవచ్చు కూడా. కాకపోతే వెనకవైపు కుడి ఎడమలు తారుమారవుతాయి. మైక్‌ను గిటార్ రంధ్రానికి సూటిగా కాకుండా, మెడ ఒంటిని కలిసే చోటికి రెండడుగుల దూరంలో పెట్టి వినండి. వయొలిన్ అయితే ఇంకాస్త ఎత్తు నుంచి, ఇంకాస్త దూరం నుంచి. దాని గీరుడును రిబ్బన్ మెత్తబరిచినంత అందంగా ఇంకే మైకూ చేయదని నా నమ్మకం.

గొంతు బరువుకు కారణం మీరు మరీ దగ్గరగా పాడటమే. రిబ్బన్‌కు దగ్గరైన కొద్దీ బేస్ ఉబ్బుతుంది. రెండడుగులు వెనక్కి జరగండి. మైక్ వెనకే గోడ ఉంటే దాన్నుంచి తిరిగొచ్చే శబ్దమూ ఎక్కుతుంది, కాబట్టి గోడకు వీలైనంత దూరంగా జరపండి.

నాకు అసలు టెన్షన్ ఫాంటమ్ పవర్‌తోనే, అంటే కేబుల్ గుండా మైక్‌కు పంపే 48 వోల్టుల కరెంటుతో. రిబ్బన్ మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. కేబుల్ సరిగ్గా ఉంటే దాంతో మామూలుగా ప్రమాదం లేదు, కానీ లోపల ఒక్క తీగ షార్ట్ అయినా ఆ రేకు సాగిపోవచ్చు. అలాంటిది, రెండు ఛానెళ్లకూ కలిపి ఒకే ఫాంటమ్ బటన్ ఇచ్చే ఇంటర్‌ఫేస్‌లను (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టెలను) ఎవరు డిజైన్ చేస్తున్నారు? పక్క ఛానెల్‌లో ఫాంటమ్ అవసరమైన కండెన్సర్ మైక్ పెట్టినవాళ్లు ఏం చేయాలి? ఇంకొన్నింటిలో ఆ బటన్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిపోయింది, అప్‌డేట్ పడగానే సెట్టింగులు మారిపోతే మనకు తెలియకుండానే ఆన్ అయి కూర్చోవచ్చు. మైక్‌కు కరెంటు పంపే బటన్‌కు పెట్టె మీద ఒక స్విచ్, ఒక ఎర్ర లైటు ఉండి తీరాలి.

వాడేవాళ్లకూ ఒక మాట: పనిచేస్తోందో లేదో చూడ్డానికి మైక్‌లోకి ఊదకండి, ఆ గాలికే రిబ్బన్ పోవచ్చు. మీది లోపలే యాంప్లిఫయర్ ఉన్న యాక్టివ్ రకమైతే ఫాంటమ్ కావాల్సిందే, మాన్యువల్ చూడండి. యాక్టివ్ రకం కాకపోతే ప్రతి అప్‌డేట్ తర్వాత ఫాంటమ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసి, ఒక నిమిషం ఆగి, అప్పుడు కేబుల్ పెట్టండి.