న్యూట్రల్ ఇయర్‌ఫోన్‌లో బేస్ వినిపించకపోతే లోపం ఎక్కడ?

ఎటిమోటిక్ ఈఆర్4ఎస్ఆర్ లాంటి న్యూట్రల్ (ఏ శబ్దాన్నీ పెంచకుండా ఉన్నదున్నట్టు వినిపించే) ఇయర్‌ఫోన్ కొన్నాక బేస్ బొత్తిగా లేదనిపిస్తే, ముందు అనుమానించాల్సింది చెవిలో దూరే టిప్ బిగువునే. చెవి గోడకీ టిప్‌కీ మధ్య సన్నని సందు ఉన్నా తక్కువ ఫ్రీక్వెన్సీల ఒత్తిడి అందులోంచి జారిపోతుంది. గొంతు స్పష్టంగానే ఉంటుంది, మృదంగం తొప్పి (బేస్ పలికే వైపు) మాత్రం పలచబడిపోతుంది.

50 హెర్ట్జ్ టోన్ పెట్టి ఇయర్‌ఫోన్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. శబ్దం ఒక్కసారిగా నిండుగా వస్తే గాలి లీకవుతున్నట్టే. మూడంచెల సిలికాన్ టిప్‌ని కొద్దిగా తడిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, నెమ్మదిగా తిప్పుతూ పెట్టండి. నొప్పి పుడితే అక్కడే ఆగి చిన్న సైజు చూడండి. ఫోమ్ టిప్ అయితే సన్నగా నలిపి పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. తీసేటప్పుడు ఒక్క ఊపున లాగొద్దు, కర్ణభేరి మీద ఒత్తిడి పడుతుంది.

ఒక వైపే శబ్దం తగ్గిందా? ఇయర్‌ఫోన్ కొసన ఉండే చిన్న ఫిల్టర్ గులిమితో మూసుకుపోయి ఉండొచ్చు, మార్చేయండి.

బిగువు సరిగ్గా కుదిరాక కూడా బేస్ చాలకపోతే అది ఆ ట్యూనింగ్ స్వభావం. ఈక్వలైజర్‌లో 100 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (ఆ కింది ఫ్రీక్వెన్సీలన్నిటినీ కలిపి పెంచే సెట్టింగ్) 4 డెసిబెల్స్ పెంచి, ప్రీఆంప్ (మొత్తం శబ్దం స్థాయి) అంతే తగ్గించండి; లేకపోతే శబ్దం చిట్లుతుంది. ముందు వారం రోజులు ఈక్వలైజర్ లేకుండానే వినండి. బేస్ మోతకు అలవాటైన చెవికి ఆ మాత్రం సమయం ఇవ్వాలి.